పెరట్లో ఆ బోడి మచ్చలు

మా ఇంటి వెనక గడ్డిలో రెండు బోడి మచ్చలున్నాయి. ఒకటి మా పిల్లలు బౌలింగ్ వేసే చోట, ఒకటి బ్యాటింగ్ చేసే చోట. పోయిన వారం మావారు చుట్టూ తాడు కట్టి "ఇక గడ్డిలో అడుగు పెట్టొద్దు" అన్నారు. ఇద్దరూ సోఫాలో కూలబడి ఫోన్లు అందుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక్కడ న్యూజెర్సీలో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామందికి ఇదే జబ్బు. పక్కింటి పచ్చదనం చూసి మన పిల్లల్ని కట్టడి చేస్తాం.

తొక్కితే నేల గట్టిపడుతుంది, నిజమే. మన ఊళ్లో కళ్లం చూడలేదా? గట్టి నేలలోకి నీరూ గాలీ దిగవు, వేరు పోదు. దానికి మందు తాడు కాదండీ, నేలని గుల్ల చెయ్యడం. సెప్టెంబరులో ముందురోజు నేల తడిపి, అద్దెకి ఏరేటర్ తెచ్చి నడిపితే రెండు మూడు అంగుళాల మట్టి ముక్కలు పెరికి పైన పడేస్తుంది. వాటిని ఊడ్చకండి, వానకి అవే కరుగుతాయి. ఆపైన ఫెస్క్యూ విత్తనం చల్లి, మొలిచేదాకా రోజుకి రెండుసార్లు పైపైన తడపాలి. వారం, రెండు వారాల్లో మొలుస్తుంది. రెండు మూడు కోతలయ్యేదాకా ఆట ఆపితే చాలు. వసంతంలో చల్లితే మాత్రం లేత గడ్డిని ఎండా కలుపూ కలిసి మింగేస్తాయి.

అన్నట్టు, "లాన్ నా డిపార్ట్‌మెంట్" అనే మగవాళ్లు ఆ తడిపే పని ఎవరికి వదిలి ఆఫీసుకెళ్తారో మీకు తెలుసుగా! సరే, తడుపుతాను. తాడు మాత్రం విప్పేశాను. సెప్టెంబరు దాకా ఆడుకోండిరా అన్నాను.