తమాషాయీలు లేని తమాషా

మొన్న ఆదివారం మా చిన్నోడు ఫోన్లో పాత మ్యాచ్ ముక్క ఒకటి చూస్తున్నాడు. 2020 అక్టోబర్ 21, అబూధాబీ. మన హైదరాబాదీ సిరాజ్ బెంగళూరు తరఫున కోల్‌కతా మీద బౌలింగ్ చేసిన రోజు. నాలుగు ఓవర్లు, రెండు మెయిడెన్లు, ఎనిమిది పరుగులు, మూడు వికెట్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన మొదటి బౌలర్ అతనే. వరుస బంతుల్లో త్రిపాఠీ, రాణా అవుటయ్యారు. స్టేడియం హోరెత్తిపోయింది.

"అబ్బా, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నయి గదా, మరి అరుస్తున్నదెవరు?" అన్నాడు వాడు.

"రికార్డింగ్ బేటా. పాత మ్యాచుల్లో జనం అరిచింది దాచిపెట్టి వేశారు."

"అంటే వాళ్లు వేరేవాళ్ల కోసం అరిచిన్రన్నట్టు."

నా దగ్గర జవాబు లేదు. వాడికి కరోనా రోజులు సరిగా గుర్తుండవు. మాస్కు పెట్టుకోనని ఏడవడం ఒక్కటే గుర్తు. నాకేమో అన్నీ గుర్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఉర్దూ మీడియంలో చదివిన రోజుల్లో మా అబ్బాజాన్ తెచ్చే ఉర్దూ అఖ్బార్‌లో మ్యాచ్ చూడడానికి వచ్చినవాళ్లను 'తమాషాయీ' అని రాసేవాళ్లు. తర్వాత తెలుగు బి.ఏ.లో చేరితే 'ప్రేక్షకుడు' అనే మాట దొరికింది. ప్రేక్షకుడంటే చూసేవాడు, అంతే. వాడు ఎక్కడ కూర్చునైనా చూడొచ్చు. తమాషాయీ అలా కాదు, ఆ మాటలోనే తమాషా ఉంది. ఒకటి లేకుండా రెండోది ఉండదని నేననుకునేవాణ్ని. 2020లో ఆ ఖయాల్ తప్పని తేలింది. మే 16న జర్మనీలో బుందెస్‌లీగా ఖాళీ స్టేడియాల్లో మళ్లీ మొదలైంది. అక్కడివాళ్లు వాటికి దెయ్యాల ఆటలని పేరు పెట్టారు. ఒక ఊళ్లో అభిమానుల ఫోటోలతో అట్ట బొమ్మలు చేసి కుర్చీల్లో నిలబెట్టారు. సెప్టెంబర్ 19 నుంచి నవంబర్ 10 వరకు మన ఐపీఎల్ దుబాయ్, అబూధాబీ, షార్జాలలో జరిగింది. షార్జాలో పనిచేసే మా ఖాలా కొడుకు అప్పుడు జీతం సగమై, రూములో కూర్చుని ఉన్నాడు. "స్టేడియం లైట్లు రోజూ కనబడతయి భాయ్‌జాన్, మ్యాచ్ మాత్రం ఫోన్లో చూస్తున్న" అని నవ్వాడు.

ఆ ఏడాది ఆడడం గునాహ్ అని నేననను. ఇళ్లలో బందీలైన మనుషులకు సాయంత్రం నాలుగు గంటల ఆసరా దొరికింది. రంజాన్‌లో తరావీహ్ ఇంట్లో చదువుకున్నాం, ఈద్ నమాజ్ డాబా మీద చదువుకున్నాం. అలాంటిది స్టేడియంలో జనం లేరని ఫిర్యాదు చేసే మొహం మనకెక్కడిది? సిరాజ్ బౌలింగ్ చేసిన రాత్రి మా గల్లీలో పటాకులు కూడా పేలాయి.

నా షికాయత్ ఖాళీ కుర్చీల మీద కాదు. ఆ కుర్చీలు బయటపెట్టిన హిసాబ్ మీద.

1934లో మొదలైన రంజీ ట్రోఫీ ప్రపంచ యుద్ధంలో కూడా ఆగలేదు. 2020-21లో మాత్రం ఆగింది, మొట్టమొదటిసారి. రంజీ మ్యాచ్‌కు ఎప్పుడైనా వెళ్లారా? జింఖానాలో నేను చాలా చూశాను. ఇద్దరు ముసలాయనలు, ముగ్గురు ఆటగాళ్ల తమ్ముళ్లు, ఒక కుక్క. కరోనా రాకముందే అది ఖాళీ స్టేడియం ఆట! జనం గుమిగూడతారన్న భయమే అసలు అడ్డంకి అయితే మొదట జరగాల్సింది రంజీయే. అన్ని జట్లను నెలల తరబడి బబుల్‌లో పెట్టడం కష్టం, నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఐపీఎల్‌కు అదే కష్టం పరాయి దేశంలో పడ్డారు కదా. అక్కడ టీవీ పైసా ఉంది, ఇక్కడ లేదు. అసలు సిరాజ్ ఎక్కడి నుంచి వచ్చాడు? 2016-17 రంజీలో హైదరాబాద్‌కు 41 వికెట్లు తీసి వచ్చాడు. ఆటో నడిపే తండ్రి కొడుకు ఎక్కి వచ్చిన నిచ్చెన అది. ఆ ఏడాది మ్యాచ్ ఫీజు మీద బతికే కుర్రాళ్లకు సీజన్ లేదు. వాళ్లకు సగం ఫీజు పరిహారంగా ఇస్తామన్న మాట 2021 సెప్టెంబర్‌లో గానీ రాలేదు.

ఇక 2021 ఏప్రిల్. దీనికి మాత్రం నా దగ్గర మాఫీ లేదు. 9న ఐపీఎల్ మన దేశంలోనే మొదలుపెట్టారు. 28న హైదరాబాద్ జట్టు ఢిల్లీలో చెన్నైతో ఆడింది. ఆ స్టేడియానికి కొద్ది దూరంలోనే ఎల్‌ఎన్‌జేపీ దవాఖానా, ఆ పక్కనే ఐటీవో ఖబ్రస్తాన్. ఢిల్లీలో కరోనాతో పోయిన ముస్లింలను ఎక్కువగా దఫన్ చేసింది అక్కడే. ఒకవైపు ఫ్లడ్‌లైట్లు, ఒకవైపు ఆక్సిజన్ కోసం స్కూటర్ల మీద సిలిండర్లు మోసుకెళ్లే కొడుకులు. ఆటగాళ్లకు మాటిమాటికీ పరీక్షలు, మామూలు మనిషికి పరీక్ష ఫలితం చేతికి రావడానికే రోజులు. అశ్విన్ ఇంట్లోవాళ్ల కోసం మధ్యలోనే వెళ్లిపోయాడు. న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఐపీఎల్ వార్తలే వేయమని చెప్పి ఆపేసింది. మే 4న ఆటగాళ్లకే జబ్బు సోకడంతో టోర్నీ నిలిచిపోయింది. మనుషులు పోతున్నారని ఆగలేదు, బబుల్ పగిలిందని ఆగింది.

నేనేం చేశానంటారా? 28 రాత్రి డెస్కులో కూర్చుని 'హైదరాబాద్‌కు మరో ఓటమి' అని హెడ్డింగ్ పెట్టాను. పక్కన మరో ఫోన్‌లో మా సాథీ అమ్మగారి కోసం సిలిండర్ వెతుకుతున్నాను. హెడ్డింగ్ ఒక కాలమ్‌లో ఇమడలేదని రెండుసార్లు మార్చాను కూడా. ఆమె తెల్లారి ఫజర్‌కు ముందే పోయారు. ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది.

అలాగని జనం లేకపోవడం వల్లే ఆట బేజాన్ అయిందని చెప్పి, జనాన్ని ఫరిష్తాలను చేయడం కూడా ఇన్సాఫ్ కాదు. సిరాజ్ ఆస్ట్రేలియాలో క్వారంటైన్‌లో ఉండగా నవంబర్ 20న అతని తండ్రి ఇంతెఖాల్ అయ్యారు. ఇంటికి వెళ్లొచ్చని బోర్డు చెప్పినా అతను అక్కడే ఉండిపోయాడు. ఆ ఏడాది మన ఇళ్లలో పదిమంది కూడా లేకుండా ఎన్ని జనాజాలు లేచాయో మనకు తెలుసు. కొడుకు కాంధా లేని జనాజాలు ఎన్నో. అతను మెల్‌బోర్న్‌లో మొదటి టెస్ట్ ఆడేసరికి అక్కడి స్టేడియాల్లోకి కొంతమందిని అనుమతిస్తున్నారు. జనవరిలో సిడ్నీలో ఆ కొంతమందిలోంచే అతన్ని జాతి పేరుతో తిట్టారు. అతను అంపైర్‌కు చెప్పాడు, ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. తిట్టింది నిజమేనని తర్వాత ఆస్ట్రేలియా బోర్డు కూడా ఒప్పుకుంది. బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీసి, 21న హైదరాబాద్‌లో దిగి, ఇంటికి కాదు, సీదా ఖబ్రస్తాన్‌కు వెళ్లి ఫాతెహా చదివాడు.

అబూధాబీలో అతనికి దొరికింది రికార్డు చేసిన శభాష్. సిడ్నీలో దొరికింది నిజమైన మనుషుల గొంతు. రెండోదే మేలని ఎలా చెప్పను? అయినా జనం రావాలనే అంటాను. తిట్టినవాణ్ని వేలు పెట్టి చూపించి బయటికి పంపొచ్చు, రికార్డింగ్‌తో ఏం మాట్లాడతాం?

కానీ వచ్చే జనాన్ని ఎలా చూస్తున్నారు? 2022 సెప్టెంబర్ 22న ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా దగ్గర వేలమంది నిలబడ్డారు. తొక్కిసలాట, లాఠీలు, దవాఖానా. ఏళ్ల తరబడి ఊళ్లో పెద్ద మ్యాచ్ లేక ఆకలిగొన్నవాళ్లకు దక్కిన ఇజ్జత్ అది. టికెట్ కొనేవాడు లేకపోయినా దుకాణం నడుస్తుందని ఒకసారి తెలిశాక, వాడికి నీడ, నీళ్లు, సరైన లైన్ ఎవరు ఏర్పాటు చేస్తారు?

టికెట్ కొనేవాళ్ల సంగతే ఇలా ఉంటే, బయట నిలబడేవాళ్లను అడిగేదెవరు? మా ఖాలూ మామూలు రోజుల్లో పండ్లు అమ్ముతారు. మ్యాచ్ ఉంటే ఉప్పల్ గేటు బయట టోపీలు, జెండాలు. 2019 మేలో ఐపీఎల్ ఫైనల్ ఇక్కడే జరిగింది కదా, ఆ తర్వాతి సీజన్ కోసం అప్పు తెచ్చి ఆరెంజ్ టోపీలు రెండు మూటలు కొన్నారు. తర్వాతి సీజన్ దుబాయ్ వెళ్లిపోయింది. ఒకరోజు టీవీలో ఆ ఉత్తుత్తి షోర్ వింటూ ఆయన అన్నమాట: "ఆవాజ్ తో రికార్డ్ కర్లే కో రఖ్‌లియే మియాఁ, టోపియాఁ కైసా రికార్డ్ కర్తే?"

మూటలు మంచం కిందే ఉండిపోయాయి. ఐపీఎల్ మళ్లీ ఉప్పల్‌కు వచ్చింది 2023 ఏప్రిల్ 2న. రంజాన్ నెల, రోజా ఉండి కూడా ఖాలూ మధ్యాహ్నమే గేటు దగ్గర నిలబడ్డారు. హైదరాబాద్ రాజస్థాన్ చేతిలో 72 పరుగుల తేడాతో ఓడింది. నేను ఇషా తర్వాత ఫోన్ చేసి గిరాకీ ఎలా ఉందని అడిగాను. ఒక మూట పోయిందట. రంగు వెలిసిందని అందరూ సగానికే బేరమాడారట.