బ్లాగుకు చోటు ఏది?

కల్లంలో ఆరబెట్టిన మిరపకాయలను ధర వచ్చేవరకు కోల్డ్ స్టోరేజీలో దాచే రైతు, టిక్కీలు దింపక మునుపే రెండు సంగతులు అడుగుతాడు. సరుకు ఎవరి పేరున రాస్తారు? కావలసిన నాడు వెనుకకు ఇస్తారా? గుంటూరు, ప్రకాశం మైదానాలలో పెరిగిన మనకు ఇది ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ఏడాదికొకసారి అచ్చయ్యే ఈ పత్రికలో అందరి రచనలకు చోటు చాలదు. అందుచేత సొంతంగా బ్లాగు తెరవాలని మన విద్యార్థి మిత్రులలో పలువురు ఉవ్విళ్ళూరుతున్నారు. సంతోషమే. అయితే తమ కథను, కవితను, గజలును దాచుకొనే చోటు విషయంలో వారు "ఉచితమా, కాదా" అన్న ఒక్క ప్రశ్నతోనే తృప్తి పడుతున్నారు.

ఉచితమైన చోట్లకు కొరత లేదు. 1999లో వెలసిన బ్లాగర్‌ను 2003లో గూగుల్ సంస్థ కొనుగోలు చేసినది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ 2005లో ఆరంభమైనది. ఆ తరువాతి సంవత్సరాలలో తెలుగువారు ఈ రెండింటిలో విరివిగా బ్లాగులు తెరిచారు. లేఖినిలో టైపు చేసి, కూడలి వంటి సంకలినుల ద్వారా ఒకరి రాతలు ఒకరు చదువుకొన్నారు. కానీ ఉచితంగా చోటిచ్చిన వారందరూ నిలువలేదు. యాహూ వారి జియోసిటీస్ 2009లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడినవి. మూసేవారు గడువు చెప్పే మూసివేశారు. ఆ గడువును గమనించనివారే నష్టపోయారు.

కావున తలుపు ఎంత సులువుగా తెరుచుకొంటుందో కాక, సామానుతో బయటకు రానిస్తుందా లేదా అన్నది ముందు చూడాలని నా అభిప్రాయం. ఈ పరీక్షకు బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ నిలుస్తాయి. రాసినదంతా ఫైలుగా దింపుకొని మరొక చోటికి మార్చుకొనవచ్చును. ఫేస్‌బుక్ గోడ మీద రాసినది నెల తిరిగేసరికి రాసినవారికే దొరకదు. (లైకుల లెక్క మాత్రం జ్ఞాపకముంటుంది.) వర్డ్‌ప్రెస్ ఉచిత ఖాతాలో వారి ప్రకటనలు మన రచనల నడుమ కనిపిస్తాయి, బ్లాగర్‌లో మనం కోరితే తప్ప రావు.

మన కళాశాలకు ఇంకొక చిక్కు ఉన్నది. తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి నడుస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో సైటు భాషను ఉర్దూ చేస్తే పుట మొత్తం కుడివైపునకు తిరుగుతుంది. బ్లాగర్‌లో పేరాకు పేరాగా దిశ మార్చవచ్చును. రెండు భాషలూ ఒకే ఇంట ఉండాలంటే నా ఓటు బ్లాగర్‌కే. దాని రూపం పాతబడినదన్న మాట నిజమే. మనకు కావలసినది హంగు కాదు. ముందుగా ఒక తెలుగు పద్యం, ఒక ఉర్దూ గజలు అందులో పెట్టి చవక ఫోనులో తెరిచి చూడండి. ఉర్దూ నస్తాలీఖ్‌లో కాక నస్ఖ్ తీరులో కనిపిస్తే ఫాంటు మార్చవలసి ఉంటుంది. డీటీపీ వారు అను ఫాంట్లలో కూర్చిన తెలుగును, పాత ఇన్‌పేజ్ ఉర్దూను నేరుగా అతికిస్తే పిచ్చిగీతలే మిగులుతాయి. యూనికోడ్‌లోకి మార్చే శ్రమ ఏ వేదికలోనూ తప్పదు.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. నేనెరిగిన ఒక సాహిత్య సంఘం బ్లాగు మూగపోయినది. పాస్‌వర్డు తెలిసిన ఒక్కడూ ఉద్యోగానికి వెళ్ళి ఫోను నంబరు మార్చుకొన్నాడు, అంతే. పైగా, రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించినది. విద్యాలయాల ఖాతాలకు ఆ నియమం వర్తించదు. కనుక కళాశాల ఖాతాపైనే బ్లాగు తెరిచి, తెలుగు, ఉర్దూ శాఖలనుండి ఒక్కొక్క అధ్యాపకుని నిర్వాహకులుగా, విద్యార్థులను రచయితలుగా చేర్చవలసినదని కోరుతున్నాను. ఏటా పత్రిక అచ్చుకు వెళ్ళే నాడే బ్లాగు నకలొకటి దింపి గ్రంథాలయంలో ఉంచే పనిని గ్రంథపాలకులకు అప్పగించవలసినదని కూడా.