ఫ్రేములో ఎవరున్నారు, బయట ఎవరున్నారు?

తమ్ముడూ, చెల్లీ, గుర్రం ఎగురుతుంటే చెయ్యెత్తి కొండ చూపిస్తున్న నెపోలియన్ బొమ్మ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. కింద "ధైర్యం అంటే ఇదీ" అని ఓ కొటేషన్. ఫార్వర్డ్ చేసే ముందు ఆ బొమ్మను కాస్త పెద్దది చేసి చూడండి.

అది ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ గీసింది. 1800లో నెపోలియన్ ఆల్ప్స్ దాటిన మాట నిజమే, కానీ గుర్రం మీద కాదు, కంచర గాడిద మీద. బొమ్మ కోసం ఆయన ఎదురుగా కూర్చోను కూడా లేదు. ఉరికే గుర్రం మీద ప్రశాంతంగా చూపించమన్నాడు, చూపించారు. రాతి మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఫిరంగులు లాగే సిపాయిలు మాత్రం గుర్రం కాళ్ల కింద చీమలంత. వాళ్లకు పేరు లేదు.

సరిగ్గా ఆ 1800లోనే నిజాం మన కడప, బళ్లారి సీమను కంపెనీకి రాసిచ్చేశాడు. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. పొలాలు కొలిపించి రైతువారీ పెట్టాడు. రైతులు ఆయన్ని మంచోడనే తలుచుకుంటారు, కాదనను. కానీ ఆ లెక్క దున్నే పొలానిది, కట్టే శిస్తుది. తేనె తీసి, గడ్డలు తవ్వుకుని బతికే చెంచుకు అందులో గడి ఏది? 1827లో మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన నిలువెత్తు రూపాన్ని లండన్ చిత్రకారుడు మార్టిన్ ఆర్చర్ షీ ముందే తైలవర్ణాల్లో దించి పెట్టాడు.

అదే కంపెనీ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోట గోడకు వేలాడదీసింది. ఎదిరించినోడికి వాళ్లు కట్టిన పటం అది. ఆయన వెంట నడిచిన చెంచులకు ఆ పాటి గుర్తు కూడా మిగల్లేదు.

మన బొమ్మలూ తీశారులే! మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి, ఫోటోలు తీసి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. ఫోటోల కింద చాలాచోట్ల తెగ పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. దొరకు చిత్రపటం, మనకు కొలతల పట్టీ.

ఇదంతా పాత కథ అనుకోకండి. ఇవాళ అటవీ హక్కుల పట్టా అడిగితే "రుజువేది?" అంటారు. రాజుకు రుజువు అక్కర్లేదు, బొమ్మే రుజువు, అబద్ధమైనా సరే. మనకు నిజం ఉన్నా కాగితం కావాలి. అయితే ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: 2006 చట్టం కింది నియమాల్లో, పెద్దల మాటను రాసిపెడితే అదీ ఒక సాక్ష్యమే. దానికి తోడు ఇంకొకటి జతచేయాలి. దరఖాస్తుదారు కాని పెద్దాయనో, పెద్దమ్మో చెప్పాలి. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ నేల మన చేతుల్లో ఉందని తేలాలి.

కాబట్టి ఈ ఆదివారం మీ గూడెంలో పెద్దల దగ్గర కూర్చోండి. ఏ చెలమ ఎవరు తవ్వారు, ఏ చేను ఎవరు కొట్టారు, ఎవరి సమాధి ఎక్కడుంది, అన్నీ అడిగి రాయండి. వాళ్లు సరేనంటేనే ఫోటో తీయండి. కింద "చెంచు వృద్ధుడు" అని రాయొద్దు.

పేరు రాయండి.