జరావా అడవిలో టూరిస్టుల దారి మూయాలి

1880లో బ్రిటిష్ అధికారి పోర్ట్‌మన్ అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవిలో దిగి, ఒక ముసలి జంటనూ నలుగురు పిల్లలనూ పట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌కు తీసుకొచ్చాడు. అందరూ జబ్బుపడ్డారు. ముసలివాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లలను మాత్రం కానుకలిచ్చి దీవిలో దించి వచ్చారు. వాళ్ల వెంట ఏ రోగం దీవికి చేరిందో, ఎందరు పోయారో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ దీవివాసులైన సెంటినెలీలు బాణాలేస్తారని వింతగా చెప్పుకునేవారు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

అండమాన్‌లోని మరో ఆదిమ తెగ గ్రేట్ అండమానీలు 1858లో అయిదు వేల దాకా ఉండేవారని అంచనా. 1877లో తట్టు ఊడ్చేసింది. సుఖవ్యాధులూ తోడయ్యాయి. 1901 జనాభా లెక్కల నాటికి 625 మంది, 1961 నాటికి 19 మంది మిగిలారు.

పాత పాపమని చేతులు దులుపుకోవడానికి లేదు. అక్కడి అడవుల్లో బతికే జరావా తెగవారికి తట్టు సోకింది 1999లో, మళ్లీ 2006లో. వాళ్ల అడవిని చీల్చుకుంటూ పోయే అండమాన్ ట్రంక్ రోడ్డును జరావా రిజర్వు మేరకు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. నేటికీ జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లవారకముందే కార్లు, బస్సులు బారులు తీరుతున్నాయి. పోలీసు కాపలాతో కాన్వాయ్‌గా అడవి దాటి వీళ్లు వెళ్లేది బారాటాంగ్ సున్నపురాయి గుహలు చూడటానికి! అక్కడికి సముద్రం మీదుగానూ వెళ్లొచ్చు. ఆ బస్సుల్లో ప్యాకేజీ టూర్లకు వెళ్లిన మన తెలుగువాళ్లూ ఉంటారు, మొహమాటపడి లాభం లేదు.

జీవించే హక్కును రాజ్యాంగం 21వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది. తనకు తట్టుకునే శక్తిలేని రోగాన్ని ఇంకొకరు ఇంటిదాకా మోసుకురాకుండా ఉండటం ఆ హక్కులో భాగమే, సర్కారు దయ కాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు అనుమతి లేని ప్రవేశాన్ని నేరమన్నాయి. 2025 మార్చిలో సెంటినెల్ ఒడ్డున కొబ్బరికాయ, కోలా డబ్బా పెట్టివచ్చిన అమెరికన్‌ను పోలీసులు పట్టుకున్నారు. మంచిదే. మరి లక్షల మందిని ప్రభుత్వమే దింపబోతుంటే ఎవరు పట్టుకోవాలి? ఎనిమిది వేల జనాభా ఉన్న గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, పట్టణం కట్టి మూడున్నర లక్షల మందిని చేర్చాలన్నది ప్రణాళిక. 2022 నవంబరులో పర్యావరణ అనుమతీ వచ్చింది. అక్కడి అడవిలోని షోంపెన్ తెగవారు 2011 లెక్కల్లో 229 మంది. ఆస్పత్రి కడతామంటే సరిపోదు. రోగం వచ్చాక చూసే వైద్యం గ్రేట్ అండమానీలను నిలబెట్టలేకపోయింది.

మధ్య, ఉత్తర అండమాన్‌లోని రోగులను, నిత్యావసరాలను చేరవేసే వాహనాలు తప్ప జరావా రోడ్డుపై మరే వాహనమూ, ముఖ్యంగా పర్యాటక వాహనమన్నది, కదలకూడదు. గ్రేట్ నికోబార్ పథకాన్ని వెంటనే నిలిపేయాలి.