వైద్యుని మాట: వ్యాసాల లెక్క, వైద్యం లెక్క

పాఠక మిత్రులు ఈమధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. "మా ఇంట్లో వారికి క్యాన్సరని తేలింది. ఫలానా డాక్టరుగారి పేరిట మూడు వందల పరిశోధన వ్యాసాలున్నాయట, వేలాది మంది వాటిని పేర్కొన్నారట. ఆయన దగ్గరికే వెళ్ళమంటారా?" ఈ నెల ఆ సంగతే ముచ్చటిద్దాం.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. శాస్త్రజ్ఞులు వ్యాసం రాసినప్పుడు తాము ఆధారం చేసుకున్న పాత వ్యాసాల పేర్లు చివర ఇస్తారు. దాన్నే సైటేషన్ అంటారు. వీటన్నిటినీ పోగుచేసి సూచికగా అచ్చువేసే పని 1964లో ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ మొదలుపెట్టారు. 2005లో హర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే అంకెను ప్రతిపాదించారు. ఒకరి హెచ్-ఇండెక్స్ 40 అంటే, వారు రాసిన వాటిలో 40 వ్యాసాలను, ఒక్కొక్కదాన్ని కనీసం 40 సార్లు, ఇతరులు పేర్కొన్నారన్నమాట. ఉద్యోగాలకూ గ్రాంట్లకూ ఈ అంకెను చూడటం మామూలైపోయింది.

ఈ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోవడానికి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కన్న మంచి ఉదాహరణ మాకు కనబడదు.

ఆయన పేరున్న వ్యాసాలలో అందరూ ఎక్కువగా పేర్కొన్నది 1925లో ఫిస్కేతో కలిసి హార్వర్డులో రాసినది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి అది. మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చదివిన వారికి ఈ జంట పేర్లు గుర్తుండే ఉంటాయి. వేలాది వ్యాసాల చివర అది కనిపిస్తుంది. కాని అందులో క్యాన్సరు ఊసే లేదు! ఇందులో వింతేమీ లేదు. 2014లో 'నేచర్' పత్రిక వేసిన జాబితాలో మొదటి స్థానం 1951లో లౌరీ రాసిన ప్రొటీన్ కొలిచే పద్ధతికే దక్కింది. సరుకు ఎవరిదైనా తూచే త్రాసు ఒకటే కనుక, త్రాసు చేసినవాడి పేరు అందరి నోటా పలుకుతుంది.

మరి క్యాన్సరు సంగతి? 1940లో సుబ్బారావు గారు న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. తర్వాత దాన్ని అడ్డుకునే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అక్కడినుంచే వచ్చాయి. 1948 జూన్‌లో బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ 16 మంది లుకేమియా పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చి, పదిమందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని ప్రకటించారు. క్యాన్సరు మందుల చరిత్రలో అదొక మలుపు. ఆ వ్యాసానికి అయిదుగురు రచయితలు. సుబ్బారావు గారు వారిలో లేరు. 1947లో అమినాప్టెరిన్ తయారీ గురించి వెలువడిన వ్యాసానికి ముగ్గురు, అక్కడా లేరు. 1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన కన్నుమూశారు.

మెథోట్రెక్సేట్ మటుకు ఆగలేదు. 1956లో లీ, హెర్ట్జ్ అనే వైద్యులు దానితోనే గర్భసంచికి సంబంధించిన ఒక క్యాన్సరును లొంగదీశారు. ఈనాటికీ పిల్లల లుకేమియాకు వాడుతున్నాము. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి ఇస్తూ, దాని చెరుపు తగ్గడానికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర రాస్తాము. మందూ, దాని విరుగుడూ ఒకే ప్రయోగశాల బిడ్డలు! (వారానికి ఒక్కసారే సుమా, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.) ప్రిస్క్రిప్షన్ కింద ఎవరూ సైటేషన్ రాయరు కనుక ఇదంతా ఏ లెక్కలోకీ ఎక్కదు.

కనుక మిత్రులారా, వ్యాసాల లెక్క పనికిరానిదని మేము అనడం లేదు. అరుదైన క్యాన్సరయితే, అదే జబ్బు మీద ఏళ్ళ తరబడి రాసిన వారెవరో వెతకడానికి అది బాగా అక్కరకొస్తుంది. కాని మామూలుగా వచ్చే జబ్బుకు అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ రకం క్యాన్సరును మీరు ఏడాదికి ఎందరిలో చూస్తారు? సర్జను, రేడియేషన్ డాక్టరు, మందుల డాక్టరు కలిసి కూర్చుని మా కేసు చర్చిస్తారా? కొత్త మందుల ట్రయల్ ఏదైనా మాకు తగినది ఉందా? అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

వీటికి ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే, ఆయన హెచ్-ఇండెక్స్ ఎంతో కనుక్కోకపోయినా నష్టం లేదు.

వచ్చే నెల: రక్తపోటు మాత్రలు మానేయవచ్చా?