ఎంగిలిపడని పిల్ల

మన వైపు పెద్దవాళ్ళు "భోంచేశావా?" అని అడగరు, "ఎంగిలిపడ్డావా?" అంటారు. కడుపునిండా తిన్నావా అని కాదు, రెండు మెతుకులైనా నోట్లో పడ్డాయా అని వారి ఆరాటం. అలాటి యింట్లో పదహారేళ్ళ పిల్ల కంచం ముందు కూర్చుని, అన్నాన్ని అటూ యిటూ కెలికి, "నాకు చాలమ్మా" అని లేచిపోతూ వుంటే, మొదట్లో అలక అనుకుంటారు, ఆ తర్వాత పంతం అనుకుంటారు. రెండు మూడు నెలలు గడిచి, పిల్ల ఎముకల గూడయ్యాక గాని అది జబ్బేమో నన్న అనుమానం రాదు. డాక్టర్లు ఆ జబ్బును అనొరెక్సియా నెర్వోసా అంటారు.

తెలుగు మేష్టారిని గనుక పేరు దగ్గర కాస్త ఆగుతాను. గ్రీకు భాషలో "ఒరెక్సిస్" అంటే ఆకలి, కోరిక. ముందున్న "అన్" మన "అ" వంటిదే, లేదని చెబుతుంది. మన వైద్యశాస్త్రంలో అరోచకం అన్నమాట దీనికి చుట్టమే. కాని పేరు తప్పుదారి పట్టిస్తుంది. ఈ పిల్లలకు ఆకలి లేకపోవడం కాదు, చాలామందికి అది దహిస్తూనే వుంటుంది. దాన్ని అణిచి అణిచి పెట్టడమే వ్యాధి. ఈ పేరు ప్రచారంలోకి తెచ్చినాయన లండను వైద్యుడు విలియం గల్, 1873లో. అదే సంవత్సరం పారిస్‌లో లాసెగ్ అనే వైద్యుడు యిదే వ్యాధిని మరో పేరుతో వర్ణించాడు. వీరిద్దరికీ చాలా ముందే, 1689లో, రిచర్డ్ మార్టన్ అనే ఆంగ్ల వైద్యుడు క్షయరోగం మీద గ్రంథం రాస్తూ, దగ్గూ జ్వరమూ ఏమీ లేకుండానే కృశించి చనిపోయిన ఒక పిల్ల సంగతి అందులో చెప్పాడు. ఇది నిన్న మొన్న సినిమాతారలను చూసి పుట్టిన వింత కాదన్నమాట.

మా గొలుగొండలో యీ మాట ఎవరూ వినలేదు. తిండి దొరక్క చిక్కినవాళ్ళను చూసిన ప్రాంతం మాది. చోడి అంబలితో పూట గడిపిన తరాలు యింకా వున్నాయి. వారి ముందు "ఎదురుగా అన్నం పెట్టుకుని తినలేకపోతున్నది" అంటే నవ్వుతారు. "తిండెక్కువై" అంటారు. దిష్టి అన్నవారున్నారు, గాలి సోకిందన్నవారున్నారు, ప్రేమ వ్యవహారమని గుసగుసలాడినవారూ వున్నారు.

ఆ మధ్య నా విద్యార్థిని తల్లి మా యింటికి వచ్చింది. (ఆనవాలు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.) "మేష్టారూ, మీరొకసారి గట్టిగా కోప్పడండి. మీ మాటంటే దానికి గురి," అన్నది. పిల్ల క్లాసులో ఫస్టు. ఏ పనైనా తప్పులేకుండా చేయాలన్న పట్టుదల. అసలు ఆ తల్లిని తికమకపెట్టింది మరొకటి. తాను తినని పిల్ల వంటింట్లోంచి కదలదు. తమ్ముడికి బెల్లం పరమాన్నం వండి, ఎదురుగా కూర్చుని వాడు గిన్నె నాకేదాకా చూస్తుంది. తాను ముట్టదు. ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక డాబా మీద గంటలకొద్దీ నడుస్తుంది. నాతో చెప్పలేని మాట లోపల మా ఆవిడతో చెప్పింది: అయిదు నెలలుగా నెలసరి లేదట.

వంట సంగతి విని నాకు మిన్నెసోటా ప్రయోగం గుర్తుకు వచ్చింది. 1944-45లో, రెండో ప్రపంచయుద్ధం జరుగుతూండగా, అమెరికాలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితోనే, దాదాపు ఆరునెలలపాటు సగం తిండి మాత్రమే పెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న యువకులు వారు. మనసులో ఏ జబ్బూ లేనివారు. వారు కొన్నాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా అయిపోయారు. వంటల పుస్తకాలు చదివారు, ఒక్కొక్క ముద్దనూ గంటసేపు నమిలారు, స్నేహితులకు దూరమయ్యారు, చీటికీ మాటికీ చిరాకుపడ్డారు. అంటే, పస్తు శరీరాన్నే కాదు, బుద్ధిని కూడా మార్చేస్తుంది. మన పిల్ల మొండిదై తినడంలేదనుకుంటాం. తినకపోవడం వల్ల మొండితనం ముదురుతున్నదని తోచదు.

మరి మొదలు ఎక్కడ? ఇదీ అని ఒక్క కారణం చూపలేరు. పుట్టుకతో వచ్చే గుణం కొంత వున్నదని కవలలను పరిశీలించినవారు తేల్చారు. బొద్దుగా వున్నావని ఎవరో అన్న మాట కావచ్చు, పరీక్షల ఒత్తిడి కావచ్చు, ఒక జ్వరం కావచ్చు. అద్దంలో తన ఎముకలు తనకు కనబడవు, లావే కనబడుతుంది. అందరి విషయంలో అదీ నిజం కాదు. 1995లో ఢిల్లీ మనోవైద్యులు అయిదుగురు యువతుల సంగతి ప్రచురించారు. తిండి మానడం, వాంతులు, చిక్కిపోవడం, నెలసరి ఆగడం అన్నీ వున్నాయి గాని, తమ ఆకారం గురించిన భ్రమ వారిలో కనబడలేదు. మన పిల్లలు చాలాసార్లు "కడుపు బరువుగా వుంది, సయించడం లేదు" అనే అంటారు. అందుకే యిది మన దేశంలో పైకి తేలదు. మగపిల్లలకు కూడా వస్తుంది, వాళ్ళ విషయంలో అసలే అనుమానించరు.

సన్నదనం మీద మోజు కొత్తదేమీ కాదు. నాయిక నడుము వున్నదా లేదా అని సందేహపడి ప్రబంధకవులు మురిసిపోయారు. నేనూ ఆ పద్యాలు యిరవై యేళ్ళుగా ఉత్సాహంగా పాఠం చెబుతున్నవాణ్ణే. కావ్యంలో నడుము లేకపోతే నష్టం లేదు.

ఒక లెక్చరర్ మిత్రుడు దీన్ని ఉపవాసంతో పోల్చాడు. నేనొప్పుకోలేదు. కార్తీక సోమవారం పస్తుకు చుక్క కనబడితే ముగింపు వున్నది. 1952లో పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచారు. వారు కోరిన రాష్ట్రం యిచ్చివుంటే దీక్ష విరమించేవారు. ఈ పిల్లకు కోరిక ఏదీ లేదు, తీరిస్తే ఆగిపోవడానికి. ఎంత చిక్కినా, యింకొంచెం అంటూనే వుంటుంది.

ప్రాణం మీదికి రావడం అతిశయోక్తి కాదు. మానసికవ్యాధులలో అత్యధికంగా మరణాలు సంభవించేవాటిలో యిది ఒకటి. గుండె నెమ్మదిస్తుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఒంటిమీద నూగువంటి వెంట్రుకలు మొలుస్తాయి. అమెరికాలో పేరుమోసిన గాయని కేరెన్ కార్పెంటర్ 1983 ఫిబ్రవరి 4న, 32 యేళ్ళకే, గుండె ఆగి చనిపోయాకనే ఆ దేశంలో యీ పేరు యింటింటికీ తెలిసింది. మన పక్కనే, కేరళలో, 2025 మార్చిలో పద్ధెనిమిదేళ్ళ విద్యార్థిని ఒకతె లావవుతానన్న భయంతో తిండి మాని మరణించిందని పత్రికలలో చదివాము. ఈ వ్యాధివల్ల పోయినవారిలో అయిదింట ఒకవంతు ఆత్మహత్యలని కూడా తెలిసినవారు చెబుతారు, అందుచేత "చచ్చిపోతాను" అన్నమాటను బెదిరింపని కొట్టిపారేయరాదు.

ఆ తల్లితో నేను కోప్పడనని చెప్పాను. ముందు డాక్టరుకు చూపించి, క్షయ, థైరాయిడ్ వంటివి కావని తేల్చుకోమన్నాను. స్పృహ తప్పినా, గుండె దడ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో చేర్చాలి. మరో జాగ్రత్త. బాగా శుష్కించిన మనిషికి ఒక్కసారిగా విందు పెట్టకూడదు. రక్తంలోని లవణాలు తారుమారై ప్రాణాపాయం కలుగుతుంది. వైద్యుల అజమాయిషీలో కొద్దికొద్దిగా పెంచాలి. 1980ల నుంచి లండన్‌లోని మాడ్స్లే ఆస్పత్రివారు ఒక పద్ధతి పెంచిపోషించారు. అందులో తల్లిదండ్రులను దోషులుగా చూడరు. కొంతకాలం తిండి బాధ్యతంతా వారికే అప్పగిస్తారు. ఏం వండాలి, ఎంత వడ్డించాలి అన్నది పిల్ల యిష్టానికి వదలరు, తిట్టరు, బతిమాలరు, పక్కన కూర్చుంటారు. ఉమ్మడి భోజనం యింకా మిగిలిన మన యిళ్ళకు యిది కష్టం కాదనుకుంటాను.

"పిచ్చాస్పత్రికి తీసికెళ్ళామని తెలిస్తే రేపు సంబంధాలు వస్తాయా?" అని ఆమె అడిగింది. తల్లి మనసు, తప్పుపట్టను. విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆస్పత్రి అన్ని జబ్బులకూ వెళ్ళే చోటే. అంతదూరం వెళ్ళే ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. డబ్బు అక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. చికిత్స పొందినవారిలో దాదాపు సగంమంది పూర్తిగా కోలుకుంటారు. అయితే నెలలు కాదు, సంవత్సరాలు పట్టవచ్చు. మధ్యలో మళ్ళీ వెనక్కి జారవచ్చు. కోలుకుంటున్న పిల్లను చూసి చుట్టాలు "అబ్బ, కాస్త ఒళ్ళు చేశావే!" అని మెచ్చుకోబోతారు. ఆ మాట మాత్రం గడపలోనే ఆపించమని ఆ తల్లికి మరీ మరీ చెప్పి పంపాను.