పాత గోడకు సిమెంటు పూత వద్దు

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ మూర్తికి రంగు వెలిస్తే కొత్త విగ్రహం చెక్కించరు. రెండేళ్లకోసారి అమ్మవారినీ పరివార దేవతలనూ ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకొచ్చి, రంగుల మండపంలో ఉంచి, ఆ పాత కొయ్యకే మళ్లీ రంగులద్ది సాగనంపుతారు. అదే పేటలో తాతలనాటి పెంకుటిల్లు కారుతోందంటే మాత్రం ముందుగా కబురు వెళ్లేది జేసీబీకే.

జగ్గయ్యపేట, నందిగామ పాత వీధుల్లో అలాంటి ఇళ్లు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. మూరెడు మందం గోడ, సున్నపు గార, వీధి అరుగు, టేకు ద్వారబంధం, గోడలోనే దీపపు గూళ్లు, పైన అటక. ఉన్నవాళ్ల ఇళ్లలో నడుమ మండువా. ఈ మెట్ట ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు కొత్తేమీ కాదు. పగటి వేడిని ఆ గోడ తనలో ఇముడ్చుకుని తీరిగ్గా వదులుతుంది. మండువా మీదుగా వేడిగాలి పైకి పోతుంది. కరెంటు లేని రోజుల్లో మేస్త్రీలు ఎండను ఎదుర్కొన్న తీరు అది.

పడగొట్టేవాళ్ల బాధలూ నిజమే. అన్నదమ్ముల పంపకాలు, దూలాలకు చెద, హైదరాబాదులోనో డాలస్‌లోనో స్థిరపడిన పిల్లలు. దానికి తోడు అమరావతి రాజధాని మాట వచ్చాక రహదారి పక్క స్థలాలకు పెరిగిన రేట్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ అర్ధరాత్రి దొడ్లోకి నడవలేదు. ఆమె అవస్థ ముందు ఇంటి అందం గురించిన ఉపన్యాసం నిలవదు.

అయితే ఆ అవస్థ తీరడానికి ఇల్లు కూలాల్సిన పని లేదు. వెనక వసారాలో ఒక మూల కొత్త ఇటుక గోడ లేపి, లోపల కమోడు పెట్టించి, పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగిస్తే అమ్మమ్మ కష్టం తీరుతుంది. నీళ్ల పైపులూ కరెంటు తీగలూ పాత గోడను తొలిచి పోనివ్వకుండా పైపైనే నడిపించాలి. చీకటిగా ఉన్న గదికి ట్యూబులైట్ల వరస కన్నా బంగాళా పెంకుల మధ్య రెండు అద్దపు పెంకులు మేలు. దూలాలను ఫాల్స్ సీలింగు కింద దాచడమంత పొరపాటు ఇంకొకటి లేదు. చెద పట్టిన భాగం కోసి అతుకు వేయించి, నూనె పట్టించి వదిలేస్తే గదికి అంతకు మించిన అలంకారం అక్కర్లేదు. దీపపు గూడు పుస్తకాల గూడు కావచ్చు. ద్వారబంధం మీద ఏళ్ల తరబడి పేరుకున్న ఎనామిల్ పెయింటు గీకిస్తే అడుగున టేకు గీతలు బయటపడతాయి. ఆ ద్వారబంధాన్నే ఊడదీసి పాత కలప వ్యాపారికి అమ్ముకుని, దాని స్థానంలో రెడీమేడ్ తలుపు తెచ్చుకోవడం మనసు కలుక్కుమనిపించే బేరం.

అసలు నష్టం సిమెంటుతో వస్తోంది. ఈ గడ్డంతా సున్నపురాయే. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపానికి పలకలుగా మారిందీ ఆ జాతి రాయే. ఆ రాయిని సుమారు 900 డిగ్రీల్లో కాలిస్తే సున్నం. మట్టితో కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటుకు ముడిసరుకైన క్లింకరు. జయంతిపురంలో, ముక్త్యాలలో ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే. రాయి ఒకటే అయినా గుణాలు వేరు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గోడ లోపల గుల్లబారి, పైపూత పెచ్చులుగా రాలుతుంది. అప్పుడు 'పాత ఇల్లు, పనికిరాదు' అన్న మాట పుడుతుంది. తప్పు ఇంటిది కాదు.

హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టిన మరమ్మతుల్లో పెద్ద పని ఇదే: గత శతాబ్దంలో వేసిన సిమెంటు పూతలు తీసేసి, తిరిగి సున్నం వేయడం. కోట్ల రూపాయల పనికి వర్తించిన సూత్రమే నందిగామ పెంకుటింటికీ వర్తిస్తుంది. సున్నం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, కృష్ణ దాటితే సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల ఉంది.

కరువైంది చేయి తిరిగిన మేస్త్రీలు. గానుగలో సున్నం నూరి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి గార పట్టించడం తెలిసినవాళ్లు వయసు మీరిపోతున్నారు. వాళ్ల పిల్లలు సెంట్రింగు పనిలోకి వెళ్లిపోయారు. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని పెద్ద కంపెనీలకు 2013 నాటి చట్టం చెబుతోంది. వృత్తి నైపుణ్యాల శిక్షణకు అందులో చోటుంది. ఈ నేల రాయితో నడిచే సిమెంటు కంపెనీలు ఏటా ఇరవై మంది కుర్రాళ్లకైనా సున్నపు పని నేర్పించాలి, నేర్పేందుకు ఆ పెద్ద మేస్త్రీలనే పిలవాలి. ఇక వారసులు చేయాల్సింది ఒక్కటే. జేసీబీకి అడ్వాన్సు ఇచ్చే ముందు, సున్నం పని తెలిసిన ఒక మేస్త్రీని ఇంటికి పిలిపించి గోడలూ దూలాలూ చూపించండి.